గేటు దాకా పోయి రమ్మనే పెద్దాయన

పెద్దాయన పోయాడని పాత ఫ్యాక్టరీ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో మంగళవారం చూశాను. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెడుతున్నారు. మంచి ఫోటో ఒకటి పెడదామని నా ఫోనంతా వెతికాను, లేదు. ఎనిమిదేళ్ళు ఆయన కింద పనిచేసి ఒక్క ఫోటో కూడా తీసుకోలేదా అని నన్ను నేనే తిట్టుకుంటూ, ఆఫీసు కంప్యూటర్లో పాత మెయిలేదైనా ఉంటుందేమోనని ఆయన పేరు కొట్టాను. వెంటనే వచ్చింది ఫోటో. పాస్‌పోర్టు సైజుది, తెల్లచొక్కా, మెడ దగ్గర గుండీ కూడా పెట్టుకుని. దాని కింద ఒక దరఖాస్తు. మా కంపెనీకే పెట్టిన దరఖాస్తు.

కాసేపు నాకు అర్థం కాలేదు. ఆ పేరే ఉన్న ఇంకెవరో అనుకున్నాను. ఊరు వడమాలపేట. అనుభవం, మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు. చదువు, తొమ్మిదో తరగతి. కోరిన ఉద్యోగం, నియామకాల విభాగంలో సహాయకుడు. ఆ విభాగానికి మేనేజర్ని నేను. అంటే నా కింద పని అడిగాడాయన. పది నెలల కిందట అడిగాడు. 'తిరస్కరించినవి' అనే ఫోల్డర్లో పడి ఉంది అది. దరఖాస్తు పెట్టిన నిమిషంలోనే జవాబు వెళ్ళిపోయింది. 'మీ అర్హతలు మా అవసరాలకు సరిపోలేదని తెలియజేయడానికి చింతిస్తున్నాము.' కింద నా పేరు, పేరు పక్కన ఎం.బి.ఏ., దాని కింద నా హోదా.

పక్క టేబులు అమ్మాయి వచ్చి 'ఏమైంది మేడమ్' అని అడిగేదాకా నేను మౌసు మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

మా కంపెనీ రేణిగుంట దారిలో ఫోన్ల విడిభాగాలు చేస్తుంది. ఒక ఉద్యోగం ఉందని ప్రకటన వేస్తే చాలు, దరఖాస్తులు వరదలా వచ్చి పడతాయి. అందుకని కంప్యూటర్లో ఒక జల్లెడ పెట్టుకున్నాం. మా విభాగం ఉద్యోగాలకు 'ఎం.బి.ఏ. తప్పనిసరి' అన్న గడిలో టిక్కు పెడితే, ఆ చదువు లేనివాళ్ళ దరఖాస్తులు మనిషి కంట పడకుండానే వెనక్కి పోతాయి. ఆ టిక్కు పెట్టింది నేనే. పైవాళ్ళు అడగను కూడా లేదు. 'ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలదా' అని మా డైరెక్టరు అంటే, 'లేదు సార్, మనుషుల్ని ఎంచే పద్ధతి ఎం.బి.ఏ. చదివినవాళ్ళకే తెలుస్తుంది' అని వాదించి మరీ పెట్టాను. ఆ పద్ధతి నాకు నేర్పినవాడు తొమ్మిదో తరగతి తప్పినవాడని అప్పుడు గుర్తుకు రాలేదు. రాలేదనడం కూడా అబద్ధమేనేమో. రానివ్వలేదు.

ఆయన్ని మొదటిసారి చూసింది నా ఇంటర్వ్యూలోనే. చిత్తూరు పోయే దారిలో ఉండేది ఆ ఫ్యాక్టరీ. తోతాపురి కాయల కాలం అది. బస్సు దిగగానే మామిడిపండ్ల తీపి వాసన, కుళ్ళిన టెంకల పులుపు వాసన కలిసి ముక్కుకు తగిలాయి. మాది నగరి, నాయన పవర్‌లూమ్ మగ్గాల మీద పని చేస్తాడు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది, మొదటి ఎం.బి.ఏ. కూడా నాదే. సర్టిఫికెట్లన్నీ ప్లాస్టిక్ కవర్లలో దోపి, మంచి మార్కులున్నవి పైకి వచ్చేలా పేర్చి, ఫైలు పట్టుకుని వెళ్ళాను. మార్కెటింగు గురించి అడిగితే ఏం చెప్పాలో, లీడర్‌షిప్ గురించి అడిగితే ఏం చెప్పాలో బస్సులో వల్లె వేసుకుంటూనే ఉన్నాను.

ఆయన ఫైలును రెండు చేతులతో అందుకున్నాడు. కళ్ళకు అద్దుకున్నాడు. ఆ తర్వాత తెరవకుండా పక్కన పెట్టేశాడు. నన్ను వెక్కిరిస్తున్నాడనుకున్నాను.

'అన్నం తినినావా పాపా?'

'తిన్నాను సార్. మీ క్యాంటీన్లోనే పెట్టారు.'

'కూర ఎట్ల ఉండాది?'

ఇదేం ప్రశ్న? 'ఉప్పు ఎక్కువైంది సార్' అన్నాను.

'నేనూ అదే అంటా ఉండా పొద్దన్నుంచీ. ఎవురూ ఒప్పుకోరే' అని సంబరపడ్డాడు. తర్వాత గోడ గడియారం చూసి, 'గేటు దాకా పోయిరా. ఏం సూసినావో వచ్చి సెప్పు' అన్నాడు.

అదీ ఆయన ఇంటర్వ్యూ. ఎవరు వచ్చినా అదే. గుమాస్తా పనికి వచ్చినా, సేల్స్ ఆఫీసరు పనికి వచ్చినా, గేటు దాకా పోయి రావాలి. నేను మండిపడుతూ వెళ్ళాను. కాయల లారీలు, ట్రాక్టర్లు గేటు బయట రోడ్డు పొడుగునా నిలబడి ఉన్నాయి. ముందున్నవి కదిలినా మధ్యలో ఒక లారీ కదలడం లేదు. వెనకవాళ్ళు హారన్లు కొట్టి కొట్టి తిట్లలోకి దిగారు. చూస్తే ఆ డ్రైవరు స్టీరింగు మీద తల పెట్టి నిద్రపోతున్నాడు. తలుపు తట్టి లేపాను. వెనక్కి వచ్చి ఇదంతా చెప్పాను.

'నిన్ను సూసి రమ్మంటి గదా. లేపమని ఎవురు సెప్పినారు?'

'ఎవరూ చెప్పలేదు సార్. వెనకాల వాళ్ళ కాయలు ఎండకు మెత్తబడిపోతా ఉన్నాయి.'

'సోమవారం నుంచి వచ్చెయ్' అన్నాడు.

ఉద్యోగం వచ్చినందుకు సంతోషపడాలా, రెండేళ్ళ నా చదువు ఒక డ్రైవర్ని నిద్రలేపడానికి పనికొచ్చినందుకు ఏడవాలా నాకు తెలియలేదు. ఇంటికి వెళితే నాయన 'ఏం అడిగినారు పాపా' అని ఆత్రంగా అడిగాడు. మార్కెటింగులో కష్టమైన ప్రశ్నలు అడిగారని చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. మగ్గాల దగ్గర అందరికీ చెప్పుకున్నాడు.

పెద్దాయన అసలు పేరు ఫ్యాక్టరీలో సగం మందికి తెలియదు. కాయలు దించే పనికి చేరి, పదిహేనేళ్ళకల్లా ఎవర్ని పనిలో పెట్టుకోవాలో తేల్చే మనిషి అయ్యాడు. ఎప్పుడూ తెల్లచొక్కానే వేసేవాడు, ఆ చొక్కాకు ఎప్పుడూ మామిడిసొన మరక ఉండేది. అది ఉతికినా పోదు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసేసి, అది కనిపించడంలేదని టేబులంతా వెతికేవాడు. మేమెవరైనా చెబితే 'నాకు తెలుసులే' అనేవాడు. తెలియదు.

దరఖాస్తులు నా చేత చదివించుకునేవాడు. ఆయనకు ఇంగ్లీషు అంతగా రాదు, ఆ సంగతి దాచుకోడు కూడా. నేను తెలుగులో చెప్పుకుంటూ పోతే నవ్వేవాడు. 'అందురూ కష్టపడి పనిజేసేవాళ్ళే. అందురికీ పాటలు వినేది ఇష్టమే. నాకు పాటలంటే గిట్టదు అని రాసినోడు ఒక్కడు దొరికితే వాణ్ణి అడక్కుండానే పెట్టుకుంటా పాపా.' నా దరఖాస్తులోనూ పాటలు వినడం అని ఉంది.

ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ళకు ముందు అన్నం పెట్టించడం ఆయన పెట్టిన రివాజు. ఫస్ట్ బస్సు పట్టుకుని పలమనేరు నుంచి, కాళహస్తి నుంచి వస్తారు, ఖాళీ కడుపుతో ఏం మాట్లాడతారు అనేవాడు. ఆయనా వాళ్ళ మధ్యే కూర్చుని తినేవాడు. దీన్ని తిరుపతి ఎం.బి.ఏ. కాలేజీల పిల్లలు తప్పుగా అర్థం చేసుకుని, అసలు పరీక్ష భోజనం దగ్గరే జరుగుతుందని, తిన్న ప్లేటు తామే కడిగినవాళ్ళకు ఉద్యోగం ఇస్తారని ఒక పుకారు పుట్టించారు. ఒక ఏడాది పన్నెండు మంది వచ్చారు. భోజనం అయ్యీ కాకముందే మెడలోని టైలు భుజం మీదికి వేసుకుని అందరూ కుళాయి దగ్గరికి పరిగెత్తారు. అక్కడ తోపులాట. ఒకడు తన ప్లేటు కడిగేసి, పక్కవాడి ప్లేటు కూడా కడుగుతానని లాక్కుంటున్నాడు. క్యాంటీన్ అమ్మ చీపురు పట్టుకుని వచ్చి, 'నా పని మీరు సేస్తే నన్ను ఇంటికి పంపిస్తారురా సామీ, పోండి అవతలికి' అని కేకలేసింది. పెద్దాయనకు సంగతి తెలిసి, నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. 'పరీక్షా లేదు ఏం లేదు నాయనా. మీకు ఆకలైతాదని పెట్టినాము' అని చెప్పినా వాళ్ళు నమ్మలేదు. ఇది కూడా పరీక్షలో భాగమే అనుకుని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఒక్క విషయంలో మాత్రం ఆయనతో గట్టిగా గొడవ పడ్డాను. నేను చేరిన నాలుగో ఏడు. యూనివర్సిటీలో బంగారు పతకం వచ్చిన ఎం.బి.ఏ. కుర్రవాడు వచ్చాడు. చక్కగా మాట్లాడతాడు, ఏది అడిగినా జవాబు ఉంది. గేటు దాకా పోయి వచ్చి, లారీలను రెండు వరసల్లో నిలబెట్టాలని, టోకెన్లు ఇవ్వాలని బొమ్మ గీసి చూపించాడు. నాకు తెగ నచ్చాడు. పెద్దాయన అతని ముందే చెప్పేశాడు.

'నాయనా, నీకు ఈ పని ఇయ్యలేను.'

వద్దనేదేదో మనిషికి ఎదురుగా చెప్పేవాడు, కారణంతో సహా చెప్పేవాడు. తర్వాత తెలియజేస్తాం అనే మాట ఆయన నోట నేను వినలేదు.

కుర్రవాడి ముఖం ఎర్రబడింది. 'మీరేం చదివారని నన్ను వద్దంటున్నారు?' అన్నాడు.

'తొమ్మిది తప్పినా నాయనా. దానికీ దీనికీ ఏం సంబంధం? నువ్వు గేటు కాడికి పోలేదు. తూకం షెడ్డు నీడలో నిలబడి ఫోను సూసుకోని వచ్చినావు. నేను కిటికీలోంచి సూస్తానే ఉండా. ఈ దినం ఒక్క లారీ కూడా లేదు గేటు కాడ. రైతులు ధర సాలదని కాయలు ఆపినారు.'

కుర్రవాడు వెళ్ళిపోయాక నేను ఊరుకోలేదు. 'ఎండకు భయపడి నీడలో నిలబడ్డాడు, అంతే కదా సార్. అంత చదువును ఒక్క అబద్ధానికి కొట్టిపారేస్తే ఎట్లా? మీకు చదువంటే పడదు, అందుకే ఇట్లా చేస్తారు' అన్నాను. అనేశాక భయపడ్డాను.

ఆయనకు కోపం రాలేదు. కళ్ళజోడు వెతుక్కున్నాడు. 'సదువంటే పడకపోతే కండ్లకెందుకు అద్దుకుంటా పాపా? నువ్వు సదివినావు కాబట్టే ఆ దినం లారీ సంగతి మొదులూ సివరా వరసగా సెప్పినావు. సదవనోళ్ళు అట్ల సెప్పలేరు. ఆ సదువు నాకు పనికొచ్చింది. అయితే అది నీలో ఉండాదా లేదా అని నిన్ను సూస్తే గదా తెలిసేది? కాయితం సూస్తే కాయితం తెలుస్తాది' అన్నాడు. కళ్ళజోడు నుదుటి మీద దొరికాక, 'ఆ పిల్లోడు మంచోడే. వేరే సోట బతుకుతాడు. ఈడ మాత్రం రైతులు తంతారు' అన్నాడు.

అప్పుడు నాకు ఆ మాట సగమే తలకెక్కింది. నా చదువు పనికొచ్చిందన్న సగం. మిగతాది వదిలేశాను.

ఎనిమిదేళ్ళ తర్వాత తిరుపతిలో మంచి ఉద్యోగం దొరికితే అక్కడికి మారిపోయాను. ఆ మరుసటి సంవత్సరమే ఫ్యాక్టరీ చేతులు మారింది. కొత్తవాళ్ళు అందరి సర్టిఫికెట్లు అడిగారట. ఈయన దగ్గర ఏముంది ఇవ్వడానికి? సన్మానం చేసి, శాలువా కప్పి పంపించారని విన్నాను. ఫోను చేసి నాలుగు మాటలు మాట్లాడాను. 'వడమాలపేటలో సొంతిల్లుండాది, హాయిగా ఉండాము' అన్నాడు. సరే హాయిగా ఉన్నారనుకున్నాను. మనకు వీలుగా ఉండే మాటలను మనం ఎంత తొందరగా నమ్ముతామో.

ఆ తర్వాత ఆయన్ని చూసింది ఒక్కసారే, పుత్తూరులో ఒక పెళ్ళిలో. ఎనిమిది నెలలైంది. ఇప్పుడు లెక్క వేసుకుంటే, ఆయన దరఖాస్తును మేం తిప్పి పంపిన రెండు నెలలకు. నన్ను చూడగానే 'నగరి పాపా' అని కేకేసి, బంతిలో తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. మనిషి చిక్కిపోయాడు. నాయన ఆరోగ్యం అడిగాడు, మగ్గాలు ఆడుతున్నాయా అని అడిగాడు. ఆ తర్వాత అడిగాడు.

'పెద్ద కంపెనీ గదా. పనికి మనుషుల్ని ఎట్ల తీసుకుంటా ఉండారు?'

నేను మొదలుపెట్టాను. కంప్యూటరు, జల్లెడ, నిమిషాల మీద తేల్చేయడం, ఒకటేమిటి. ఎంత గొప్పగా చెప్పానో తలుచుకుంటే నాకే ఒళ్ళు మండుతుంది.

'అయితే కాయితాలన్నీ అదే సూస్తాదా? నువ్వు సూడవా?' అన్నాడు.

సాంబారు పోసే అతను వచ్చాడు. అతను పోయేదాకా ఆగి మళ్ళీ అదే అడిగాడు. 'నువ్వు సూస్తావా పాపా?'

చూడను అని చెప్పడానికి సిగ్గు వేసింది. మనిషిని చూడాలని నాకు నేర్పినవాడు ఆయన. 'సూడకుండా ఎట్ల సార్? కంప్యూటరు వరసగా పెడతాది, అంతే. నా కంట పడకుండా ఒక్కటి కూడా బయిటికి పోదు. మీరు నేర్పించిందే గదా' అన్నాను.

'మంచిది పాపా. అట్లనే సూడాల' అన్నాడు. ఆకులో మిగిలినది తిన్నాడు. వెళ్ళేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టి, చల్లగా ఉండమన్నాడు. అంతే. ఆ అరగంటలో ఆయన ముఖంలో నాకు తేడా ఏమీ కనిపించలేదు. మనుషుల్ని చూడటం నేర్చుకున్నదాన్ని కదా నేను, అదీ నా చూపు.

ఇంతకీ ఆ దరఖాస్తు సంగతి. మూడుసార్లు చదివాను దాన్ని. చివర్లో ఒక గడి ఉంటుంది. 'మా కంపెనీలో మీకు తెలిసినవారు ఎవరైనా ఉన్నారా?' అని. అక్కడ ఎవరి పేరైనా రాస్తే, చదువుతో పని లేకుండా ఆ దరఖాస్తు నేరుగా నా టేబులు మీదికి వస్తుంది. అది మా కంపెనీ పద్ధతి, బయటివాళ్ళకు తెలియదు. ఆ గడిలో ఆయన రాసిన మాట ఒక్కటే. 'లేరు.'

ఆదివారం వడమాలపేట వెళ్ళాను. ఆయన భార్య నన్ను గుర్తుపట్టింది. ఫ్యాక్టరీ క్వార్టర్సులో ఉన్నప్పుడు ఎన్నోసార్లు ఆమె చేతి అన్నం తిన్నాను. ఎడమ చేతికి కట్టు ఉంది. కిడ్నీలు పాడైపోయి ఏడాదిన్నర నుంచి వారానికి మూడు రోజులు తిరుపతిలో డయాలసిస్ చేయించుకుంటోందట. ఈ సంగతి కూడా నాకు తెలియదు.

'అందుకే తిరపతిలోనే పని సూసుకోవాలని ఆయన ఆశ పాపా. నన్ను ఆస్పత్రిలో దించేసి పనికి పోయి, సాయంత్రం పిల్సుకోని వస్తాననేవాడు. ఇంక ఈ బస్సుల్లో నువ్వు ఒక్కదానివే పోయే పని లేదు అనేవాడు' అంది.

ఆమె చెప్పుకుంటూ పోయింది.

'ఒక కంపెనీకి పెట్టినాడు. పెట్టీ పెట్టకముందే వద్దని వచ్చేసింది. దానికేం బాధపడలా. వేలమంది పెడతారు, సూసుండర్లే, సూస్తే ఇట్ల రాయరు అన్నాడు. ఇంకో రెండు సోట్ల పెట్టినాడు. పుత్తూరు పెండ్లికి పోయొచ్చినాంక ఇంక యాడా పెట్టలా. ఏమయ్యా అంటే, సూసే వద్దన్నారంటమ్మే అన్నాడు. ఎవురు సెప్పినారంటే సెప్పడు. ఇంటర్వ్యూల మాటే ఎత్తలా ఆ తర్వాత. ఊరికే కూర్చోనుండేవాడు ఈ అరుగు మీద.' నా చెయ్యి పట్టుకుంది. 'నువ్వు తిరపతిలోనే గదా ఉండావు. ఆ కంపెనీలో ఎవురన్నా తెలిసుంటే అడుగు పాపా. ఆయన్లో ఏం తక్కువ సూసినారో అడుగు.'

చెప్పకుండా లేచి వచ్చేయవచ్చు. ఆయన తన నోటితో నా పేరు ఇంట్లో కూడా చెప్పలేదు. నేను చెప్పకపోతే ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. నిజం చెప్పాలంటే, ఆ ఆలోచన నాకు వచ్చింది కూడా.

'నేనేనమ్మా' అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు.

'ఆ కంపెనీలో మనుషుల్ని తీసుకునేది నేనేనమ్మా. ఎం.బి.ఏ. లేకపోతే కంప్యూటరే తిప్పి పంపిస్తాది, అట్ల పెట్టింది కూడా నేనే. ఆయన కాయితం నేను సూడలేదు. అన్నీ సూస్తానని పెండ్లిలో ఆయనకు అబద్ధం సెప్పినాను.'

ఆమె నా చెయ్యి వదిలేసింది. తిడుతుందని చూశాను. తిడితే బాగుండేది.

'సూడలేదా?' అంది.

'లేదమ్మా.'

'సూడనే లేదా పాపా? నిజమేనా?'

'ఒట్టమ్మా. సూసుంటే నేనే వచ్చి పిల్సుకోని పోయుందును.'

ఆమె ఇంక నా వైపు చూడలేదు. కట్టు ఉన్న చేతిని ఒళ్ళోకి తీసుకుని, లోపలి గది వైపు తిరిగి, అక్కడున్న మనిషిని పిలిచినంత గట్టిగా అంది.

'ఏమయ్యా, వింటివా? పాప సూడలేదంట. సూడనే లేదంట నిన్ను.'